గుండ్రంగా ఈదేవాడు

మా ఊరి వంక పొంగి బడి కొట్టం కొట్టుకుపోయిన ఏడు అది. కర్నూలు రాజధాని అయిన మరుసటి సంవత్సరం అని చదువుకున్నవాళ్లు చెబుతారు. మాకు మాత్రం బడి కొట్టం పోయిన ఏడే.

ఓర్వకల్లు దగ్గర మా ఊళ్లో వాన పడటమే ఒక వింత. అలాంటిది ఆ రోజు గుట్టల మీద నుంచి ఎర్రనీళ్లు దిగి వంక నిండా గోడలాగా నడిచాయి. ఊరంతా గట్టు మీద చేరి చూస్తోంది. అవతలి గట్టున ఎవరో టోపీ పెట్టుకున్న పెద్దమనిషి, లోతు తెలియక, చెప్పులు చేతబట్టి దిగాడు. అదే సమయానికి మా గట్టు మీద నుంచి ఒక బర్రెదూడ జారింది. మనిషీ దూడా కలిసి కొట్టుకుపోతున్నారు.

నేను దూకాను. మనిషి చొక్కా దొరికింది. ఒడ్డుకు లాక్కొచ్చి తలెత్తేసరికి ఎదురుగా ఒక అమ్మాయి, నడుం మీద చేతులు పెట్టుకొని. బసవన్న కూతురు రామేశ్వరమ్మ.

“ఎవురప్పా ఈయప్ప?” అంది.

“తెలీదు.”

“తెలీనోన్ని పట్టకొచ్చి, తెలిసిన దూడను వదిలేస్తివే. ఈయప్ప మాకు పాలిస్తాడా?”

ఊరంతా నవ్వింది. కింద పడి ఉన్న పెద్దమనిషి కూడా నీళ్లు కక్కుతూ నవ్వాడు.

“దూడకు ఈత వస్తాది,” అన్నాను. “ఈయప్పకు రాదు.”

“మా దూడకు ఈత వస్తాదని నీకెట్ల తెలుసు? నువ్వు నేర్పిచ్చినావా?”

దూడ అప్పటికే దిగువన గట్టెక్కి గడ్డి కొరుకుతోంది. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది, దూడను తోలుకొని వెళ్లిపోయింది. పోతూ పోతూ ఒకసారి వెనక్కి తిరిగింది. దూడ కోసం తిరిగిందనుకుంటారేమో. దూడ ఆమె ముందర నడుస్తోంది.

నేను బయటికి లాగిన పెద్దమనిషి పేరు ఓబులేసు. కడప ఆయన. ఇరవై ఏళ్లుగా మలయా దేశంలో, పెనాంగులో కలప వ్యాపారం. చుట్టాలను చూడటానికి వచ్చాడు. ఒళ్లు ఆరాక నా భుజం పట్టుకొని అన్నాడు: “శివన్నా, మా పెనాంగులో ఈత క్లబ్బు ఉండాది. సిమెంటు కొలను కట్టినారు. నేర్పేవాడు లేడు. వస్తావా? జీతమిస్తారు.”

ఊళ్లో ఎవరూ నమ్మలేదు. అందరికంటే బసవన్న అసలు నమ్మలేదు.

“ఈత నేర్పేదానికి జీతమా? రేపు ఊపిరి పీల్చేది నేర్పితే గూడా దుడ్లు ఇస్తామంటారు. దానికీ పోతావా అప్పా?”

కాగితాలు రావడానికి ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలలూ రోజూ బసవన్న కపిలె బావికే పోయేవాణ్ని. ఎద్దులు వాలులో దిగితే తోలుతిత్తి నిండా నీళ్లు పైకొచ్చే బావి అది. నీళ్లలో తేలే ఎండిన కిత్తనార బెండ్లు నడుముకు కట్టి, తాడు పట్టుకొని, ఊరి పిల్లలకు ఈత నేర్పిస్తున్నానని చెప్పుకునేవాణ్ని. పిల్లలందరికీ మొదటి నెలలోనే ఈత వచ్చేసింది. నేను మాత్రం పోతూనే ఉన్నాను. మధ్యాహ్నం రామేశ్వరమ్మ తండ్రికి సంగటి తెచ్చేది.

“ఏం ఈతగాడా, ఇంగా దేశం పోలేదా?”

“కాగితాలు రాలేదు.”

“రాకుంటే?”

“ఈడే ఉంటా.”

“ఉండి ఏం చేస్తావు?”

“దూడలు పట్టుకుంటా.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికో, దగ్గు వచ్చిందో, నేను అడగలేదు.

కాగితాలు వచ్చిన రోజు ధైర్యం చేసి బసవన్న ఇంటికి పోయి పిల్లనిమ్మని అడిగాను. ఆయన చాలాసేపు తలపాగా విప్పి కట్టుకున్నాడు.

“నా బామ్మర్ది హనుమన్న ఉండాడు. మేనమామ. వానికే ఇయ్యాలని అందరూ అంటాండారు. అయినా నీకు రెండేండ్లు టైము ఇస్తా. ఆడ నిలదొక్కుకొని మనిషి మాదిరి తిరిగిరా. నిలదొక్కుకోకుంటే ఈ మాట మళ్లా ఎత్తొద్దు.”

హనుమన్నకు రెండు జతల ఎద్దులు, ఒక పెద్ద మీసం ఉన్నాయి. నాకు ఈత ఉంది.

వీధిలోకి వచ్చేసరికి రామేశ్వరమ్మ గోడ పక్కన నిలబడి ఉంది. “జాబు రాయి. మా నాయనకు చదువు రాదు, ఏసేపు సారు చదువుతాడు. ఆ సారు గొంతు శానా పెద్దది, ఊరంతా వింటాది. చూసుకొని రాయి.”

పెనాంగులో మొదటి రోజే నా పని అయిపోయిందనుకున్నాను.

ఆ కొలను నీళ్లు నీలంగా ఉన్నాయి. అడుగు కనబడుతోంది. మా బావుల్లో అడుగు కనబడిందంటే కరువు వచ్చినట్టు. అడుగు కనబడే నీళ్లలో దూకాలంటే కాళ్లు రాలేదు. గట్టు మీద క్లబ్బు పెద్దలు ఐదుగురు తెల్లబట్టలు వేసుకొని కుర్చీల్లో కూర్చున్నారు. “దూకప్పా,” అన్నాడు ఓబులేసు. కళ్లు మూసుకొని, మోకాళ్లు ముడుచుకొని, కపిలె బావిలో దూకినట్టే దూకాను. ఐదుగురి తెల్లబట్టలూ తడిసిపోయాయి.

“ఈ కొస నుంచి ఆ కొసకు ఈదమంటాండారు,” అన్నాడు ఓబులేసు.

ఈదాను. గట్టు పట్టుకొని తలెత్తి చూస్తే బయలుదేరిన చోటే ఉన్నాను. మళ్లీ ఈదాను. మళ్లీ అక్కడికే వచ్చాను. బావిలో పెరిగినవాడికి నేరుగా ఈదడం ఎట్లా తెలుస్తుంది? గుండ్రంగా తిరిగి, దిగిన మెట్టు దగ్గరికే రావడం మా ఈత.

తడిసిన ప్రెసిడెంటు ఇంగ్లీషులో ఏదో అడిగాడు.

“ఏమంటాండాడు?” అన్నాను.

“నిన్ను నేను మనిషివని తెచ్చినానా, గానుగెద్దువని తెచ్చినానా అని అడుగుతాండాడు.”

వచ్చే ఓడలో వెనక్కి పంపుతామన్నారు. నాకు హనుమన్న మీసం కళ్ల ముందర ఆడింది. ఒక్క నెల గడువు ఇమ్మని ఓబులేసు చేత బతిమాలించాను.

నేరుగా ఈదడం పది రోజుల్లో వచ్చింది. కొలను అడుగున నల్లగీత ఒకటి గీసి ఉంటుంది, దాన్ని చూస్తూ పోవడమే. అయితే నన్ను నిలబెట్టింది అది కాదు. ఆ క్లబ్బులో నీళ్లంటే భయపడే పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. గుమాస్తాలు, చీనా బడి పంతులమ్మలు, లావుపాటి షావుకార్లు. ఎవరూ మెట్టు దాటి దిగరు. నేను మా ఊరి పద్ధతే పెట్టాను. కిత్తనార దొరకలేదు. ఎండు కొబ్బరికాయలు కావలసినన్ని దొరికాయి. నడుముకు రెండు కాయలు కట్టి, తాడు వేసి, నేను గట్టు మీద కూర్చొని తాడు కొస పట్టుకునేవాణ్ని. అరిచేవాణ్ని కాదు. అరవడానికి నాకు వాళ్ల భాష రాదు. అదే వాళ్లకు నచ్చింది. నెల తిరిగేసరికి కొబ్బరికాయల కోసం వరుసలో నిలబడ్డారు. ప్రెసిడెంటు కూడా ఒక జత కట్టించుకున్నాడు.

ఉద్యోగం నిలబడింది గాని, వాన నిలవలేదు. అక్కడ రోజూ సాయంత్రం నాలుగింటికి వాన. మా సీమలో వాన వస్తే ఎక్కడి పని అక్కడ వదిలేసి బయటికొచ్చి నిలబడటం అలవాటు. నెల రోజులు, రోజూ నాలుగింటికి వీధిలో నిలబడి తడిశాను. అద్దె ఇంటామె ఇది ఏదో మొక్కు అనుకొని, నేను నిలబడే చోట రోజూ ఒక అగరవత్తు వెలిగించి పెట్టేది. అది వానకు ఆరిపోయేది.

జాబు రాశాను. “బసవన్నప్పకు శివన్న దండాలు. నేను క్షేమం. ఇక్కడ వానలు శానా. దూడ ఎట్ల ఉండాది?”

రెండు నెలలకు ఏసేపు సారు రాతతో బదులు వచ్చింది. “అందరమూ క్షేమము. దూడ బాగున్నది. మేత మేయుచున్నది గాని అప్పుడప్పుడు వంక దిక్కు చూసి నిలబడుచున్నది.”

ఆ వాక్యం బసవన్న చెప్పి రాయించింది కాదని నాకు తెలుసు.

“దూడకు ఇక్కడి వాన చూపించాలని ఉండాది,” అని రాశాను.

“దూడ పెరిగినది. హనుమన్న వచ్చి చూసిపోయినాడు. దానికి సరిపోలేదు. కొమ్ములు విసిరినది,” అని వచ్చింది. పరాయి దేశం నుంచి ఇంత పట్టుబట్టి దూడ యోగక్షేమాలు అడిగేవాడు ఎక్కడా ఉండడని ఏసేపు సారు ఊళ్లో అనేవాడట.

రెండో ఏడు క్లబ్బులో ఫోటో తీశారు. ఫోటోగ్రాఫరు అందరినీ నీళ్లలో దిగి దగ్గరగా నిలబడమన్నాడు. మధ్యలో నేను, చెడ్డీతో. చుట్టూ పంతులమ్మలు, ఈత బట్టలతో, నడుముకు కొబ్బరికాయలతో. అందరూ నవ్వుతున్నారు. నా ఉద్యోగానికి ఇంతకంటే సాక్ష్యం ఏముంటుంది అనుకున్నాను. గర్వంగా బసవన్నకు పంపాను.

ఇంత తెలివితక్కువ పని మా తాలూకాలో ఎవరూ చేసి ఉండరు.

“బొమ్మ అందినది. ఊరంతా చూసినది. నీ చుట్టూ ఆడవాండ్లు పదకొండు మంది అని ఏసేపు సారు, పన్నెండు అని మా అమ్మ. ఆ దేశములో గుడ్డలకు కరువు ఉన్నట్లు తెలిసినది. సంబంధము మాట ఇక వద్దు. ఉగాది పోయినాక హనుమన్నకు ఇచ్చి చేయుదుము.”

కింద చిన్న అక్షరాలతో ఇంకో వరుస ఉంది. “దూడ మూడు దినములుగా మేత ముట్టలేదు.”

వచ్చే ఓడలోనే బయలుదేరాను.

ఓర్వకల్లులో బస్సు దిగి నడిచి నేరుగా బావి దగ్గరికే పోయాను. బసవన్న కపిలె తోలుతున్నాడు. ఆయన తల్లి సుంకులమ్మ అవ్వ గట్టు మీద కూర్చొని చింతపండు గింజ తీస్తోంది. రామేశ్వరమ్మ సంగటి ముంత దించి నన్ను కిందికీ మీదికీ చూసింది.

“పర్వాలేదే. గుడ్డలు కట్టుకొనే వచ్చినాడు,” అంది.

బసవన్న ఎద్దులను ఆపాడు. “నీతో నాకు పగ లేదప్పా. ఆడోళ్ల చేతులు పట్టుకొని ఈత నేర్పేవానికి బిడ్డనిచ్చినానంటే ఊర్లో తలెత్తుకోలేను.”

“చెయ్యి పట్టను బసవన్నప్పా. తాడు పడతా.”

“ఎవురు చూసినారు?”

పక్క చేలల్లోవాళ్లు పని వదిలి చేరుకుంటున్నారు. ఏసేపు సారు కూడా వచ్చాడు. అప్పుడు సుంకులమ్మ అవ్వ ఒళ్లోని చింతపండు దులుపుకొని లేచింది.

“నేను చూస్తా.”

“నువ్వేం చూస్తావమ్మా?” అన్నాడు బసవన్న.

“దిగి చూస్తా. వాని చెయ్యి యాడ ఉంటాదో, చూపు యాడ ఉంటాదో నీళ్లలో ఉండేదానికి తెలుస్తాది గాని, గట్టు మీద నిలబడుకున్న నీకు తెలుస్తాదా?”

“డెబ్బై ఏండ్లకు ఈతా?”

“పెండ్లైన ఏడే అడిగితి, నేర్చుకుంటానని. మీ నాయన వద్దనె. ఇప్పుడు ఆయప్ప లేడు గదా. ఎద్దులు విప్పు.”

ఎద్దులు విప్పారు. అవ్వ చీర గోచీ పోసి కట్టుకుంది. నాలుగు బెండ్లు అందించాను, కట్టేటప్పుడు కూడా ముడి ఆమె చేతనే వేయించాను. మెట్ల మీద కూర్చొని తాడు పట్టుకున్నాను. అవ్వ నీళ్లలో దిగుతూ ముందు నీళ్లను తిట్టింది, తర్వాత నన్ను తిట్టింది, తర్వాత చనిపోయిన మొగుణ్ని తిట్టింది.

“కాళ్లు ఆడిచ్చవ్వా. గడ్డం పైకెత్తు.”

“ఎత్తితే ఊరోళ్లందరి మొగాలు కనపడతాండాయి రా.”

“నీళ్లు చూడు.”

ఒక చుట్టు తిరిగింది. రెండు తిరిగింది. మధ్యలో బుడుంగున మునిగింది. గట్టు మీద అందరూ లేచారు. నేను తాడు గుంజాను. తేలింది. ఇక చాలు రమ్మంటే రాలేదు.

“గమ్మునుండు. ఇంగో చుట్టు.”

చివరికి మెట్లెక్కి వచ్చి, చీర పిండుకుంటూ తీర్పు చెప్పింది.

“బసవన్నా, వీడు నా మొగం గూడా చూడలేదు. నీళ్లు చూస్తాండాడు, తాడు చూస్తాండాడు. మునిగిపోయినట్టు ఆడితి. అప్పుడు గూడా చెయ్యి పట్టలేదు, తాడే గుంజినాడు. నడుము ఇరుక్కున్యాది. మంచోడే.” కొంగు కొస ఇంకోసారి పిండింది. “రెండు తూర్లు మాత్రం తలకాయ తిప్పి పైకి చూసినాడు.”

“యాడికి?”

“ఆ కపిలె గుంజ దిక్కు. ఆడ ఎవురు నిలబడుకున్నారో నువ్వే చూడు.”

ఊరంతా తిరిగి చూసింది. గుంజ పక్కన రామేశ్వరమ్మ. మొగం ఎర్రబడింది గాని నోరు ఊరుకోలేదు.

“అవ్వ అబద్ధం చెప్తాండాది. రెండు తూర్లు కాదు, నాలుగు.”

అని నాలుక కరుచుకుంది. అప్పటికే అందరూ విన్నారు. ఏసేపు సారు వినిపించాల్సిన అవసరం కూడా లేకపోయింది.

బసవన్న తలపాగా విప్పాడు, కట్టుకున్నాడు. నవ్వు దాచుకోవడానికి మళ్లీ విప్పాడు.

“హనుమన్నకు నేనేం చెప్పాల?” అన్నాడు.

“వాన్ని నాకు వదిలేయి,” అంది అవ్వ. “నాలుగు తూర్లు అని నీ బిడ్డ లెక్కపెట్టిందని చెప్తా. మీసం ఉండేవాడు ఎవడైనా అది విని ఒప్పుకుంటాడా?”

“సరే బసవన్నప్పా...” అని నేను ఏదో చెప్పబోయాను.

“ఇంగా అప్పా ఏంది?” అన్నాడాయన. “మామా అను.”

అన్నాను.

ఈ గోలలో ఆ రోజంతా కపిలె ఆగిపోయింది. ఉల్లి మడులు తడవక ఆకులు వాలాయి. మరుసటి రోజు కోడి కూసే వేళకు పోయి నేనే ఎద్దులను కట్టాను. ఎద్దుల వెనక మోకుతాడు మీద కూర్చొని వాలులో దిగాను, ఎద్దులతో వెనక్కి ఎక్కాను, మళ్లీ దిగాను. కాలువ కొసన రామేశ్వరమ్మ పార పట్టుకొని ఒక్కొక్క మడికీ నీళ్లు తిప్పింది. ఎండ నెత్తిమీదికి వచ్చేదాకా, చేను కొసన ఆఖరి మడి నిండేదాకా, తోలుతూనే ఉన్నాను.