ఫ్లెక్సీలో ఒక్కతే

"భాగ్యక్కకూ..." అని సాగర్ గొంతు చించుకున్నాడు.

"జోహార్!" అన్నారు వెనక నిలబడ్డ యాభై మందీ.

జగిత్యాల కాలేజీ బాస్కెట్‌బాల్ కోర్టులో ఆట ఆగిపోయింది. రిఫరీ విజిల్ నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయాడు. ఆ భాగ్యక్క, అంటే జగిత్యాల అమ్మాయిల జట్టు కెప్టెన్, బంతిని చంకన పెట్టుకుని నేరుగా గ్యాలరీ ముందుకు వచ్చింది.

"ఏయ్ అన్నా! జోహార్ ఎవలకు కొడ్తరు?"

"సచ్చిపోయినోళ్లకు..." సాగర్ గొంతు సగానికి దిగింది.

"మరి నేనింక సావలే గదా?"

తప్పు పూర్తిగా సాగర్‌ది కాదు. అతను 'జై' అంటారనుకున్నాడు. కానీ అంతకు ముందు వారమే ఈ యాభై మందినీ ఎవరిదో వర్ధంతి సభకు తోలుకుపోయాడు. గొంతులకు అదే అలవాటైపోయింది.

పేరుకు సాగర్ డిగ్రీ ఫైనలియర్. చేసే పని మాత్రం సభలకు జనాన్ని పోగుచేయడం. రాయికల్ నుంచి కోరుట్ల దాకా ఎవరికి జనం కావాలన్నా అతనికే ఫోను వచ్చేది. అదేమీ చిన్న పని కాదు. ఈడొచ్చిన పిల్లలు సగం మంది మస్కట్‌లో, షార్జాలో సిమెంటు మోస్తుంటే, మిగిలిన సగంతో సభ నిండుగా కనిపించాలి మరి. అందుకు బదులుగా అక్కడి నాయకుడు పెద్దసారు అతనికి ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం ఇప్పిస్తానన్నాడు. మూడేళ్లుగా ఇప్పిస్తూనే ఉన్నాడు. అది రాకపోతే వాళ్ళ అన్న పోయినట్టే సాగర్ కూడా గల్ఫు విమానం ఎక్కాలి. పాస్‌పోర్టు సిద్ధంగానే ఉంది.

ఆనాటి ఆట సెమీఫైనల్, దానికి ఆ పెద్దసారే ముఖ్య అతిథి. ఖాళీ కుర్చీలు చూస్తే ఆయనకు తలనొప్పి వస్తుందని ప్రిన్సిపాల్‌కు తెలుసు. అందుకే సాగర్‌ను పిలిచి, "అభిమానులు కావాలయ్యా, యాభై మంది" అన్నాడు. మనిషికో బిర్యానీ పొట్లానికి అభిమానం కుదిరింది.

ఆ రోజు సిరిసిల్ల కాలేజీ మీద జగిత్యాల గెలిచింది. ఆట అయిపోయాక భాగ్య మళ్ళీ వచ్చింది. చెమటతో జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. కళ్ళు మాత్రం ఇంకా కోపంగానే ఉన్నాయి. సాగర్‌కు ఆ కోపం చాలా బాగా కనిపించింది.

"గెలిచినం గదా. ఇంకేంది?" అన్నాడు.

"గెలిచినం. మీరు సిరిసిల్లోళ్లకు పదిసార్లు సప్పట్లు కొట్టినంక గూడ గెలిచినం."

"మేం కొట్టినమా? మన రింగుల పడ్డప్పుడే కొట్టినం."

"సగం ఆటైనంక రింగులు మారుతయి."

"ఎవలకు చెప్పి మార్చిండ్రు?"

ఆమె నవ్వకుండా ఉండాలని శతవిధాల ప్రయత్నించి ఓడిపోయింది.

"శనివారం ఫైనల్ కోరుట్లల. ఆడ గిట్లనే చేస్తే మేం ఓడుడు పక్కకు పెట్టు, మీరు తన్నులు తింటరు. రేపు పొద్దుగాల రా అన్నా, ఆట నేర్పిస్త."

సాగర్ వెళ్ళాడు. ఆ మరునాడూ వెళ్ళాడు. 'అన్నా' అన్న మాట ఒక్కటి చెవిలో ముల్లులా గుచ్చుకునేది గాని, మిగతాదంతా హాయిగానే ఉండేది. ఫౌల్ అంటే ఏమిటో, మూడు పాయింట్ల గీత ఎక్కడుందో నేర్చుకున్నాడు. అయిదో రోజు ఆమె, "సాగర్, బాల్ పట్టు" అంది. 'అన్నా' లేదు! అతను బంతి పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

"ఏమైంది? గుడ్డు పొదుగుతున్నవా? ఇటియ్యి!"

అంతలో వాన దంచికొట్టింది. కోర్టుకు కప్పు లేదు. పెద్దమనుషులు కూర్చునే స్టేజీకి మాత్రం రేకుల కప్పు ఉంది. ఇద్దరూ దాని కిందికి పరుగెత్తారు. రేకుల మీద చినుకుల మోతలో భాగ్య మొదటిసారి మెల్లగా మాట్లాడింది.

"మాది సిరిసిల్ల. సాంచాలు, గదే మరమగ్గాలు, బందైనంక మా బాపు బొంబయి తాన భీవండికి పోయిండు, మగ్గం పనికి. అవ్వ గూడ ఆడనే. నన్ను గూడ తోల్కపోతనంటుండు. ఇద్దరు నేస్తె నూలు కండెలు చుట్టనీకె ఒకలు కావాలె గదా. సోమవారం పొద్దుగాల బస్సుకు వస్తుండు."

"సదువు?"

"ఫైనల్ గెలిస్తె యూనివర్సిటీ టీముల తీస్కుంటరు. హాస్టలు, పైసదువు అంత వాళ్లదే. గని కాయితం మీద బాపు సంతకం కావాలె. నేను బాల్ ఆడుతనంటె నమ్ముతనే లేడు. 'నిజంగ గెలిస్తె నువ్వు చెప్పుడెందుకు బిడ్డా, ఊరోళ్లే చెప్తరు. అచ్చి సూస్త' అన్నడు."

లేని అభిమానాన్ని పుట్టించడం సాగర్‌కు వెన్నతో పెట్టిన విద్య. కానీ ఆ వానలో ఆమె పక్కన నిలబడితే, తన గుండెలో పుట్టిన దాన్ని ఏ బిర్యానీ పొట్లమూ పుట్టించలేదని తెలిసింది. ఈ పిల్ల భీవండి బస్సెక్కితే తన బతుకు ఖాళీ సభ అయిపోతుందని భయం వేసింది.

"నోరు మూస్కునుడు వస్తదా మీవోళ్లకు?" అని అడిగిందామె ఉన్నట్టుండి.

"గదేందీ?"

"మేం ఫ్రీ త్రో వేసేటప్పుడు మీరు సప్పుడు చెయ్యద్దు. గదే అసలైన సపోర్టు."

శనివారం కోరుట్లలో అదే వచ్చిపడింది. మూడు సెకన్లు మిగిలాయి. కోరుట్ల నలభై రెండు, జగిత్యాల నలభై ఒకటి. భాగ్యను ఎవరో తోశారు. రెండు ఫ్రీ త్రోలు. కోరుట్ల పిల్లలు పళ్ళేలు, డప్పులు, ఈలలు, ఏది దొరికితే అది మోగిస్తున్నారు. ఇటు సాగర్ తన యాభై మంది వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తాడు.

"నోరు తెరిచినోనికి బిర్యానీ లేదు."

చిన్నప్పటి నుంచి అరవడమే తప్ప ఆగడం తెలియని యాభై నోళ్ళు మూతపడ్డాయి. ఒకడికి దగ్గు వస్తే పక్కవాడు తువ్వాలతో నోరు నొక్కాడు. భాగ్య వాళ్ళ వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపు యాభై మందిలో ఒక్కడికే తగిలింది. మొదటి బంతి రింగు చుట్టూ తిరిగి తిరిగి పడింది. రెండోది వలను ముద్దు పెట్టుకున్నట్టు దిగింది.

ఆ తర్వాత కోరుట్ల అదిరిపోయింది. చొక్కాలు గాలిలోకి లేచాయి. జగిత్యాల పిల్లలంతా కోర్టులోకి దూకి, గెలిచిన ఊపులో, ఏళ్ళ తరబడి ఒళ్ళు నేర్చుకున్న పని చేశారు. అంటే, పెద్దసారును భుజాల మీదికి ఎత్తుకున్నారు.

"పెద్దసారు నాయకత్వం..."

"వర్ధిల్లాలి!"

పెద్దసారు రెండు వేళ్ళు చూపిస్తూ ఊరేగాడు. ఆయన ఎడమ కాలు సాగర్ కుడి భుజం మీదే ఉంది. జనం నడుమ నుంచి సాగర్ వెనక్కి చూస్తే, ఖాళీ అయిన కోర్టులో రింగు కింద భాగ్య నిలబడి ఉంది. చంకలో బంతి. ఎవరూ ఆమెకు చేయి కూడా కలపలేదు. ఆమె చూస్తున్నది ఊరేగింపును కాదు, సాగర్ భుజాన్ని. అతనికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఆదివారం పొద్దున్నకే జగిత్యాల బస్టాండు గేటు ఎదురుగా ఫ్లెక్సీ లేచింది. నడుమ నిలువెత్తు పెద్దసారు, చేతిలో బాస్కెట్‌బాల్. చుట్టూ ముప్పై ఒక్క మంది నాయకులు. అడుగున పోస్టల్ స్టాంపులంత అయిదుగురు అమ్మాయిలు. చివరి అమ్మాయి ముఖం మీదికి పెద్దసారు బూటు కొస వచ్చింది. ఆ చివరి అమ్మాయే భాగ్య. సొమ్మొకడిది, సోకొకడిది.

భాగ్య దాని ముందు నిలబడి ఉండగా సాగర్ చూశాడు.

"రేపు మా బాపు గీన్నే బస్సు దిగుతడు. పెద్దసారు బాల్ మస్తు ఆడుతడట గదా అని అడుగుతడు," అంది. "నువ్వు గూడ మోసినవ్. మోసెయ్యి, నీ జాబు నీకు కావాలె గదా అన్నా."

'అన్నా' తిరిగొచ్చింది. సాగర్ ఒక్క నిమిషం కూడా ఆగలేదు. ఫ్లెక్సీలు కొట్టే సాజిద్ దుకాణానికి పరుగెత్తాడు.

"ఒక్క ఫొటోతోని కొట్టాలె. భాగ్యది."

"లీడర్లేరి?" అన్నాడు సాజిద్.

"లేరు."

"కింద మూల మీద గూడ లేరా? భయ్యా, ఎవలన్న ఒక్కర్ని పెట్టు, నాకు భయమైతుంది."

"ఒక్కరు గూడ వద్దు."

సాజిద్ తల గోక్కున్నాడు. "ఒక్క ఫొటోది నా తాన రెండే డిజైన్లున్నయ్. ఒకటి ఓణీల ఫంక్షన్‌ది. ఇంకోటి చుట్టూత బంతిపూల దండ ఉంటది. గది పెద్దోళ్లకు... అంటే..."

"పెద్దోళ్లదే కావాలె. చిన్నప్పటి ఓణీలెందుకు?"

కాలేజీ ఐడీ కార్డు ఫొటో ఇచ్చాడు, నవ్వు లేనిది. కింద రాయాల్సింది తానే గుండెలోంచి చెప్పాడు: 'సిరిసిల్ల బిడ్డ భాగ్య. ఆఖరి క్షణం దాకా పోరాడింది. నిన్నెన్నటికీ మరువం. ఇట్లు, అభిమానులు.' పొద్దు గూకకముందే దాన్ని తీసుకెళ్ళి పెద్దసారు ముఖం మీదే కట్టేశాడు. ఉద్యోగం పోతే పోయింది!

సోమవారం పొద్దున్నే వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాడు. టీ బండి నర్సవ్వ ఫ్లెక్సీ చూసి నాలుక చప్పరించింది.

"అయ్యో, ఎంత సిన్న వయసు!"

"అవునవ్వా," అన్నాడు సాగర్ గర్వంగా. "సిన్న వయసులనే."

"ఎట్లయింది బిడ్డా? ఏడ?"

"కోరుట్లల. శనివారం. మేమందరం ఆడనే ఉన్నం."

"అందరున్నరా! ఉండి గూడ ఆపకపోతిరి?"

ఆపడం ఏమిటో సాగర్‌కు అర్థం కాలేదు. అంతలో భీవండి బస్సు వచ్చి ఆగింది. రెండు సంచులతో ఒక సన్నటి మనిషి దిగాడు. అతనే రాజలింగం, భాగ్య తండ్రి. తలెత్తి ఫ్లెక్సీ చూశాడు. దండ చూశాడు. కింద రాసింది పెదవులు కదుపుతూ చదివాడు. సంచులు రెండూ జారిపోయాయి. రోడ్డు మీద కూలబడ్డాడు.

అప్పుడు సాగర్‌కు తన ఫ్లెక్సీ ఏమిటో మొదటిసారి కనిపించింది. నాయకులు లేకుండా, దండతో, ఒక్క ముఖం. ఈ ఊళ్ళో అట్లాంటి ఫ్లెక్సీ ఎవరికి కడతారో తెలియని వాడు ఎవడూ లేడు, తను తప్ప. పరుగెత్తి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మామా! బతికే ఉన్నది మామా! మంచిగున్నది! గెలిచింది మామా, రెండు షాట్లు కొట్టి గెలిచింది!"

రాజలింగానికి ఏదీ చెవికెక్కలేదు. అప్పుడే హాస్టల్ నుంచి ఆటోలో దిగిన భాగ్య, "బాపూ!" అని వచ్చి మీద పడింది. ఆయన ఆమె ముఖమంతా తడిమాడు, ముక్కు, చెవులు, జడ. తర్వాత వెక్కి వెక్కి ఏడ్చాడు.

"సాంచ పోతె పోయింది బిడ్డా. నువ్వు పోతె నేనేం జేద్దు..."

ఈలోగా ఫ్లెక్సీ ఫొటో వాట్సాప్‌లో ఊరు చుట్టొచ్చింది. సాగర్ యాభై మందీ ఏడుపు ముఖాలతో బస్టాండుకు ఉరికొచ్చారు. ఎవరూ తోలుకు రాలేదు. ఎవరూ బిర్యానీ అడగలేదు. భాగ్య నిలబడి ఉండడం చూసి ఒకడు అక్కడే కూర్చుని నిజంగానే ఏడ్చాడు.

సాగర్ కళ్ళు తుడుచుకుని చెయ్యెత్తాడు.

"భాగ్యకూ..."

యాభై మందీ బాగా ఆలోచించుకున్నారు.

"జై!"

బస్టాండు మార్మోగింది. కండక్టర్లు, పూలమ్మేవాళ్ళు, నర్సవ్వ, అందరూ ఒకేసారి రాజలింగానికి ఫైనల్ కథ చెప్పారు, చూడని వాళ్ళే ఎక్కువ చెప్పారు. ఆయన ముక్కు తుడుచుకుని లేచాడు.

"సంతకం ఏడ పెట్టాలె బిడ్డా?"

టీ బండి మీదే కాయితం పరిచి పెట్టాడు. అప్పుడు సాగర్ వైపు తిరిగాడు.

"గీ పోరడెవడు? కాకా అంటరు, పెద్దనాయినా అంటరు. నన్ను మామా అన్నడు!"

"రెండుసార్లు నన్ను సంపినోడు బాపూ," అంది భాగ్య. "ఒకపారి జోహార్ కొట్టి, ఇంకోపారి గిట్ల దండేసి."

సాగర్ ఫోను మోగింది. పెద్దసారు మనిషి. రెండు ముక్కలు తిట్టి పెట్టేశాడు. సాగర్ ఫోను జేబులో వేసుకున్నాడు.

"మామా అని నోరు జారింది గని, అబద్ధం గాదు. భాగ్యంటే నాకు ఇష్టం. జాబు వస్తదన్నరు, గిప్పుడే పోయింది. గల్ఫుకు గూడ పోబుద్ధైతలేదు. నా తాన ఏం లేదు."

"నా తాన సాంచ లేదు," అన్నాడు రాజలింగం. "లేనోనితోని లేనోడు మాట్లాడుకోవచ్చు గని, ముందుగాల గా దండ బొమ్మ తీసెయ్యి పోరగా. అసలు దండ సంగతి బిడ్డ సదువు ఒడిసినంక సూద్దాం. గది గూడ దానికి ఇష్టమైతేనే."

భాగ్య సాగర్ వైపు చూసింది, ఫ్రీ త్రోకు ముందు చూసినట్టే.

"రెండేండ్లు. గప్పటిదాంక సప్పుడు చెయ్యకుండ ఉంటవా సాగర్?"

'అన్నా' లేదు.

"యాభై మందిని ఉంచిన. నేనొక్కన్ని ఉండనా?" అని సాగర్ తన నోటి మీద తనే చెయ్యి పెట్టుకున్నాడు.