వారానికి ఐదు నిజాలు

మొదటి శనివారమే ఆమె అతన్ని చూసి నవ్వింది. అది ఊరికే పలకరింపుగా నవ్విన నవ్వయితే ఈ కథే లేదు.

అది ఇంగ్లీషు కొంత వచ్చిన పెద్దవాళ్ళ కోసం పెట్టిన క్లాసు. వచ్చినవాళ్ళు పన్నెండు మంది. వ్యాకరణం అందరికీ వచ్చు, పేపరు చదివితే అర్థమవుతుంది. రానిదల్లా జనం రోజూ మాట్లాడుకునే మాటే. మేడమ్ బోర్డు మీద "హ్యాంగ్ ఇన్ దేర్" అని రాసి, కష్టంలో ఉన్నవాళ్ళకి ధైర్యం చెప్పే మాట ఇది, మీరైతే ఎవరితో అంటారని అడిగారు. అతను లేచి, తన పనిలో మాత్రం ఎవరితోనూ అననన్నాడు. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయి లోపల మనిషి వణికిపోతుంటే, అక్కడే వేలాడమన్నట్టుండే మాట చెవిన పడితే ఆ మనిషి కళ్ళు తేలేస్తాడన్నాడు.

క్లాసంతా నవ్వింది. ముందు వరసలో ఒకమ్మాయి మాత్రం అందరూ ఆపాక కూడా నవ్వుతూనే ఉంది. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో పని చేస్తుంది. ఏ మాట అడిగినా ఠకీమని అర్థం చెబుతుందని ఆ సాయంత్రానికల్లా ఆమెకి డిక్షనరీ అని పేరు పడిపోయింది.

"లిఫ్టులతో మీకేం పనండీ?" అని వెనక్కి తిరిగి అడిగింది.

అతనికి తల కొట్టేసినట్టయింది. మెకానిక్కునని చెబితే ఇంకెంత నవ్వుతుందో అనుకున్నాడు.

"ఇంజనీర్నండీ."

ఆ రోజు నుంచి క్లాసులో అతను ఇంజనీరు గారు.

మేడమ్‌ది ఒక పద్ధతి. వారానికి ఐదు పలుకుబళ్ళు ఇస్తారు. ఒక్కోదానితో ఒక వాక్యం రాయాలి. అది రాసేవాళ్ళ జీవితంలోంచి రావాలి, నిజమై ఉండాలి. ఊహించి రాసింది నోటికి అంటదని ఆవిడ నమ్మకం. తర్వాత జంటలుగా నోటుబుక్కులు మార్చుకుని, ఒకరి వాక్యం కింద ఒకరు ప్రశ్న రాయాలి. చీటీలు తీస్తే ఇంజనీరు గారికి డిక్షనరీ జంటగా వచ్చింది. దేవుడు ఇలాంటివి ఎందుకు చేస్తాడో మనకి తెలియదు. ఊరికే మాత్రం చేయడనుకోవాలి.

ఆమె నోటుబుక్కు తెరిస్తే మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టే ఉండేది. అందరికీ కనిపిస్తూ ఎవరూ ఎత్తని సంగతిని "ది ఎలిఫెంట్ ఇన్ ది రూమ్" అంటారు కదా. మా ఇంట్లో అది నా వంట అని రాసింది. ఉప్పు ఎక్కువా తక్కువా అని అతను కింద రాశాడు. రెండూ అని జవాబొచ్చింది. అతను ఆ పేజీని బస్సులో నాలుగుసార్లు చదివి, దిగాల్సిన చోటు దాటిపోయాడు.

తన నోటుబుక్కులో మాత్రం లేని ఆఫీసు కట్టాడు. దానికి కిటికీ పెట్టాడు, మూడో వారానికి ప్రమోషన్ కూడా ఇచ్చుకున్నాడు. లిఫ్టు ఆగితే ముందుగా వెళ్ళేది ఎవరండీ అని ఆమె అడిగితే, మా మెకానిక్ వెళ్తాడు, "వర్త్ హిజ్ వెయిట్ ఇన్ గోల్డ్" అని రాశాడు. అతని ఎత్తు బంగారం పోసినా తక్కువేనట. రాసి, సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆరో వారం వచ్చేసరికి ఆమె నిజాలన్నీ తన దగ్గరున్నాయి, తనది ఒక్కటీ ఆమె దగ్గర లేదు. ఆ ఉదయం అమ్మ ప్రార్థన ముగించి లేచేదాకా ఆగి, ఉదాహరణకి రాసిన అబద్ధం కూడా అబద్ధమేనా అని అడిగాడు.

"ఎవరైనా దాన్ని నిజమనుకున్నారా?" అంది అమ్మ.

"అనుకున్నారు."

"మరి నన్నడుగుతావేంరా?"

ఆ వారం జాబితాలో "కమ్ క్లీన్" ఉంది. దాచినదంతా ఒప్పేసుకోవడం. అతను దాని కింద ఒక్క వాక్యంతో ఆగలేదు. పేజీన్నర రాశాడు. కిటికీ లేదు, ప్రమోషన్ లేదు, ఆ బంగారం లాంటి మెకానిక్ నేనే అని రాసి, నోటుబుక్కు ఆమె బల్ల మీద పెట్టి, తల వంచుకుని వెళ్ళిపోయాడు.

మరుసటి శనివారం ఆమె రాలేదు. కుర్చీ ఖాళీగా ఉంది. మేడమ్ ఏం చెప్పారో అతనికి ఒక్క ముక్క ఎక్కలేదు.

ఆ పై శనివారం వచ్చింది. నాన్నకి జ్వరమని, అందుకే రాలేకపోయానని చెప్పింది. తర్వాత, మూడో వారం నుంచే తనకి తెలుసంది. వాళ్ళ క్లినిక్ లిఫ్టులో సర్వీసు కార్డు ఉంటుంది. దాని మీద నెలనెలా అతని పేరు, సంతకం, పక్కన మెకానిక్ అన్న మాట. అతనేమో తెల్లారగానే వచ్చి, క్లినిక్ తెరవకముందే లిఫ్టు చూసి పోయేవాడు.

"లిఫ్టు ఆగితే ఎవరు వెళ్తారని అందుకే అడిగాను. మీరే చెబుతారని మూడు వారాలు చూశాను" అంది. "ఆ మెకానిక్ నాకు నచ్చాడు. అబద్ధం నచ్చలేదు. రేపు ఇంటికి రండి. మా నాన్న ఒకటే అడుగుతాడు, దానికి జవాబు చెప్పండి."

వాళ్ళది నాలుగో అంతస్తు. నాన్న ఒకప్పుడు దర్జీ. కళ్ళజోడు పైనుంచి అతని చొక్కా కుట్టు చూసి, ఆ తర్వాత మొహం చూశాడు.

"ఏం పని చేస్తావు బాబూ?"

"లిఫ్టు మెకానిక్కునండీ."

పెద్దాయన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. రెండేళ్ళ కిందట ఈ బిల్డింగు లిఫ్టులోనే నలభై నిమిషాలు ఇరుక్కుపోయానన్నాడు. బయట సుత్తి చప్పుడే తప్ప ఒక్క మనిషీ పలకలేదట. అప్పట్నుంచి మెట్లే. మోకాళ్ళు పోయాక ఆ మెట్లూ లేవు, ఈ నాలుగు గోడలే.

"నువ్వయితే ఏం చేస్తావు?"

"ముందు మాట్లాడతానండీ. పేరు అడుగుతాను, ఇంట్లో ఎవరెవరున్నారో అడుగుతాను. తలుపు తెరిచేదాకా మాట ఆపను. మా బిల్డింగుల్లో అన్ని దేశాల వాళ్ళూ ఉంటారు. వాళ్ళతో సరిగ్గా మాట్లాడాలనే ఆ క్లాసులో చేరాను."

డిక్షనరీ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. ఈ సంగతి ఆమెకీ కొత్తే. మొదటి రోజు తాను నవ్విన నవ్వు తలుచుకుని తల దించుకుంది.

పెద్దాయన కుర్చీ పట్టుకుని లేచాడు. చెప్పులెక్కడమ్మా అని కూతుర్ని అడిగాడు.

ముగ్గురూ లిఫ్టులోకి ఎక్కారు. తలుపు మూసుకోగానే పెద్దాయన అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"మాట్లాడు బాబూ."

"ఏం మాట్లాడమంటారండీ?"

"ఏదైనా. నిజమైతే చాలు."

ఎనిమిది వారాల ఇంగ్లీషులో ఒక్క మాటా అందలేదు. వచ్చిన భాషలోనే చెప్పాడు.

"మీ అమ్మాయిని పెళ్ళి చేసుకోవాలని ఉందండీ. ఆమెకి ఇష్టమో కాదో ఇంకా అడగలేదు. జీతం పెద్దది కాదు. అమ్మా నేనూ ఉంటాం. ఆమె రాసిన ప్రతి వాక్యం నాకు కంఠతా వచ్చు…"

లిఫ్టు ఆగింది. తలుపు తెరుచుకుంది. ఎన్నో నెలలుగా చూడని వీధి ఎదురుగా ఎండలో మెరుస్తోంది. పెద్దాయన అటు ఒకసారి చూశాడు గానీ కాలు కదపలేదు.

"ఇంకా పూర్తి కాలేదుగా" అన్నాడు. "మళ్ళీ పైకి పోనీ అమ్మా. మొత్తం వింటాను. నీకు ఇష్టమైతేనే."

ఆమె ఇద్దరి వంకా చూడకుండా, నాలుగు నొక్కింది.