సమ్మమ్మకు అరవై రెండు బర్రెలు

"మీ సమ్మమ్మకు అరవై రెండు బర్రెలున్నయా?"

హన్మకొండ రీసెర్చ్ ఆఫీసులో సాయితేజ స్నేహలతను అడిగిన మొదటి మాట ఇది. పాపం, ఆ అమ్మాయి అప్పుడే ధర్మసాగర్ నుంచి వానలో తడుస్తూ వచ్చి చున్నీ పిండుకుంటోంది. ఒళ్లు మండింది.

"రెండే. నా కండ్లతోని చూసిన."

"మరి ఆమె వయసు కాలమ్‌ల కంది అని ఎందుకొచ్చింది?"

"నన్నేం అడుగుతరు? మీ కంప్యూటర్‌ను అడుగుండ్రి!"

ఊళ్లు తిరిగి సమ్మమ్మ లాంటి రైతుల వివరాలు రాసి, ఫైలుగా టైపు చేసి పంపడం ఆమె పని. దాన్ని స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి లెక్కలు తీయడం అతని పని. కొత్తగా చేరాడు కనుక తొందరెక్కువ. ధర్మసాగర్ సర్వే ఎవరో ఇంట్లో కూర్చుని రాసినట్టుందని పొద్దున్నే ఆఫీసు హెడ్ శోభారాణి మేడమ్‌కు చెప్పేశాడు. మేడమ్ సాయంత్రం చూడ్డానికి వస్తున్నారు. అది నిజమని తేలితే స్నేహలత ఉద్యోగం ఊడినట్టే.

అతను ఆ సంగతి చెప్పగానే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎండల తిరిగిన, వానల తిరిగిన. ఇంట్ల కూసోని రాసిన్నా నేను?"

సాయితేజ గుండె జారింది. నిజం చెప్పొద్దూ, ఆమె గుమ్మంలోకి వచ్చినప్పుడే అది సగం జారింది.

"జర కూసోండ్రి. మళ్ల ఎక్కించి చూద్దాం."

ఈసారి తెర మీద వార్నింగ్ వచ్చింది. పేరు, ఊరు, పంట, వయసు, బర్రెలు అని ఐదు కాలమ్స్ ఉండాల్సిన చోట ఆరున్నాయట. పొద్దున కూడా ఇదే వచ్చింది. హీరోగారు చదవకుండా, ఎక్కువున్నది వదిలేయమని నొక్కేశారు.

ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచాడు. ఇద్దరూ వంగి చూశారు. సమ్మమ్మ, ధర్మసాగర్, వరి, కంది, 62, 2.

"పంట ఒక్కటే గదా రాయాలె?"

"పొలంల వరి, గట్టు మీద కంది. రెండు చెప్తే ఒక్కటెట్ల రాస్త?"

అప్పుడర్థమైంది. సాఫ్ట్‌వేర్‌కు కామా అంటే కొత్త గడి. కంది వయసు గడిలోకి, వయసు బర్రెల గడిలోకి జరిగాయి. అసలు బర్రెల లెక్కకు చోటే లేకుండా పోయింది.

"కంది తీసేస్తే అయిపోతది," అన్నాడు తొందరగా.

"తీయనియ్య! వరి పైసలు వాళ్లింటాయన చేతిలకు పోతయ్. గట్టు మీది కందే సమ్మమ్మది. అది తీసేస్తే ఆమె ఏం పండియ్యనట్టే."

తన ఉద్యోగమే పోయేలా ఉంటే సమ్మమ్మ కంది కోసం కొట్లాడుతోంది! సాయితేజ డిలీట్ మీంచి వేలు తీసేశాడు. తర్వాత రెండు పంటలున్న చోటల్లా ముందూ వెనకా కొటేషన్ గుర్తులు పెట్టాడు. అలా పెడితే లోపలి కామాను సాఫ్ట్‌వేర్ పట్టించుకోదు. ఫైలు చక్కగా ఎక్కింది.

మేడమ్ రాగానే లేచి నిలబడ్డాడు. "తప్పు నాది మేడమ్. వార్నింగ్ చదవలే. సర్వే మంచిగున్నది."

మేడమ్ తెర చూశారు. "కంది గూడ రాసినవా స్నేహా? శభాష్. రేపటి సంది పాలకుర్తి సర్వే గూడ నువ్వే చెయ్యి."

బయట ఇంకా వాన కురుస్తోంది.

"కోపం పోయిందా?" అడిగాడు వరండాలో.

"సగం."

"రేపు నేను గూడ పాలకుర్తికి వస్త. సర్వే కోసమైతే కాదు."

స్నేహలత తల వంచుకుని నవ్వు దాచుకుంది. "ఏడింటి బస్సు. లేటయితే నేనాగ."

మర్నాడు అతను బస్టాండుకు పరుగెత్తుకొచ్చేసరికి బస్సు వెళ్లిపోయింది. స్నేహలత మాత్రం ప్లాట్‌ఫామ్ మీదే ఉంది.

"ఎక్కలేదా?"

"ఎక్కిన. నువ్వు లేకుంట పోబుద్ధి గాలే, దిగిన."