ఆరు మాటల బాబాయి

వసపిట్ట నోరు మూతపడి మూడు రోజులైంది.

ఇంట్లో ఎవరూ ఆ పిల్లని అసలు పేరుతో పిలవరు. లేచింది మొదలు నిద్రపోయేదాకా వాగుతూనే ఉంటుందని నాన్న పెట్టిన పేరు అది. వయసు పదేళ్లు. బడిలో టీచరుతో, బస్సులో కండక్టరుతో, ఎవరూ దొరక్కపోతే గుమ్మంలో చెప్పులతో కూడా మాట్లాడుతుంది. కానీ ఈ పరాయి దేశంలో ఎవరితో మాట్లాడాలి? వీళ్ల భాష ఆ పిల్లకి రాదు. ఆ పిల్ల భాష వీళ్లకి రాదు. ఇక తనకొచ్చిన ఇంగ్లీషు బడి గేటు దాటి ఎప్పుడూ బయటికి రాలేదు.

అందుకే ట్రామ్ స్టాపులో బెంచీ మీద మూగదానిలా కూర్చుంది. పొద్దున పదిన్నర. అమ్మ టికెట్ల కిటికీ దగ్గర వరసలో నిలబడింది. వసపిట్ట ఒళ్లో ఒక సంచీ, చేతిలో రెండు ఎర్ర రిబ్బన్లు ఉన్నాయి. జుట్టు విరబోసుకుని ఉంది. ఆ రోజు పిన్ని జడలు వేస్తానంది.

పిన్ని అంటే అమ్మ చెల్లెలు. పెద్ద ప్రయాణికుల ఓడలో బట్టలుతికే విభాగంలో పనిచేస్తుంది. అంతకుముందు వీళ్లింట్లోనే ఉండేది. రోజూ బడికి వెళ్లే ముందు వసపిట్టకి రెండు జడలు వేసేది. ఓడెక్కి రెండేళ్లయింది. ఈ రోజు ఆ ఓడ ఈ ఊరి రేవుకి వస్తోంది. పిన్నికి పదకొండు నుంచి మూడింటిదాకా సెలవు. రేవులో మూడో గేటు దగ్గర, గడియారం కింద నిలబడతానని చెప్పింది. ఓడ దిగితే ఆమె ఫోను పనిచేయదు. కాబట్టి ఆ గడియారం కిందికి వెళ్లడం తప్ప వేరే దారి లేదు. ఆ నాలుగు గంటల కోసం అమ్మ ఏడాదిగా ఒక్క సెలవు కూడా పెట్టకుండా ఆఫీసుకి వెళ్లింది.

"బాగున్నారా?"

వసపిట్ట ఉలిక్కిపడి తలెత్తింది. నీలం టోపీ పెట్టుకున్న ఒకాయన నవ్వుతూ నిలబడి ఉన్నాడు. చూస్తే ఈ ఊరివాడిలాగే ఉన్నాడు. నోటి వెంట మాత్రం తెలుగు వచ్చింది.

మూడు రోజుల నుంచి కట్టేసిన నోరు ఒక్కసారిగా తెరుచుకుంది. మీకు తెలుగెలా వచ్చని అడిగింది. ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని, "మనవాళ్లు" అన్నాడు. అంతే, వసపిట్ట ఆయన్ని బాబాయి అనేసింది. తర్వాత ఇంకేముంది? పిన్ని గురించి, ఓడ గురించి, మూడో గేటు గురించి, జడల గురించి చెప్పింది. పదకొండింటికల్లా అక్కడుండాలనీ, మూడు దాటితే పిన్ని వెళ్లిపోతుందనీ కూడా చెప్పింది. నీలం టోపీ తల ఊపుతూ విన్నాడు. అంతా అయ్యాక ట్రామ్ పట్టాల వైపు చూసి, పెదవి విరిచి, "లేదు" అన్నాడు. కాస్త అవతల ఆగి ఉన్న కారు చూపించి, "రండి" అన్నాడు.

అమ్మ టికెట్లు పట్టుకుని వచ్చింది. వసపిట్ట ఎదురు పరిగెత్తింది.

"అమ్మా, ఈ రోజు ట్రాములు లేవట. ఈ బాబాయి చెప్పాడు. కారులో తీసుకెళ్తాడట."

"బాబాయేంటే? ఎవరాయన?"

"మనవాళ్లేనమ్మా. తెలుగు మాట్లాడుతున్నాడు. లేటైపోతే పిన్ని వెళ్లిపోతుంది."

అమ్మ టికెట్ల వైపు చూసింది, గడియారం వైపు చూసింది. మామూలుగా అయితే రూపాయి కొత్తిమీర కట్టని కూడా నాలుగుసార్లు తిప్పి చూసే మనిషి. కానీ చెల్లెల్ని చూసి రెండేళ్లయింది. ఆ తొందరలో టికెట్లు పర్సులో పడేసి కారెక్కింది.

కారు రేవు వైపు వెళ్లలేదు. చాలాసేపు సందులూ గొందులూ తిరిగి ఒక దుకాణం ముందు ఆగింది. నీలం టోపీ తలుపు తీసి, "అయిదు నిమిషాలు" అన్నాడు. డ్రైవరు పెట్రోలు కోసమని సైగ చేసి కారు తీసుకుపోయాడు.

దుకాణం నిండా దుప్పట్లు ఉన్నాయి. దుకాణదారు ఇద్దరినీ మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టి, గ్లాసుల్లో పళ్లరసం ఇచ్చాడు. ఒక దుప్పటి విప్పి నేల మీద పరిచాడు. దాని మీద ఇంకోటి. అమ్మ వద్దని చెయ్యి ఊపింది. అతను మరోటి విప్పాడు. అమ్మ తలుపు వైపు చూసింది. అక్కడ నిలబడ్డ నీలం టోపీ, "అయిదు నిమిషాలు" అన్నాడు.

అమ్మకి మొహమాటం ఎక్కువ. పెళ్లిళ్లలో వడ్డించేవాళ్లకి చాలని చెప్పలేక, తిన్నాక ఆయాసపడే మనిషి. పళ్లరసం తాగేసి, ఇన్ని దుప్పట్లు విప్పించి, ఎలా లేచి వెళ్లడం అని కూర్చుండిపోయింది. దుప్పట్లు పదకొండయ్యాయి. అయిదు నిమిషాలు చాలాసార్లు అయ్యాయి.

వసపిట్ట కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. బయట వీధిలో గంట మోగింది. మూల తిరిగి ఒక ట్రామ్ వచ్చింది. నుదుటి మీద ఏడో నంబరు ఉంది. లోపల జనం కూర్చుని ఉన్నారు. ఒకావిడ నిద్రపోతోంది కూడా. ట్రామ్ తాపీగా వెళ్లిపోయింది.

"అమ్మా. మన టికెట్ల మీద ఏ నంబరుంది?"

అమ్మ పర్సు తెరిచింది. ఏడు. పొద్దున కిటికీలో మనిషి ఇచ్చిన టికెట్లు. ట్రాములు లేని రోజున అతను టికెట్లెందుకు అమ్ముతాడు? ఇద్దరికీ ఒకేసారి ఆ సంగతి తట్టింది.

అమ్మ లేచింది. పన్నెండో దుప్పటి దుకాణదారు చేతుల్లో సగం విప్పి ఉంది. దాన్ని దాటుకుని, వసపిట్ట చెయ్యి పట్టుకుని తలుపు దగ్గరికి నడిచింది. వసపిట్ట నీలం టోపీ ముందు ఆగి, ట్రామ్ ఉంది కదా, ఎందుకు లేదన్నారని అడిగింది. అతను మొహం పక్కకి తిప్పుకున్నాడు. వాళ్ల భాషలో దుకాణదారుతో ఏదో అన్నాడు. అతని నోట్లో ఉన్న తెలుగు అయిపోయింది.

బయట కారు లేదు. అప్పటికే పన్నెండు ముప్పావు. ఉత్తరాలు పంచే యూనిఫాం మనిషి ఒకామె కనిపిస్తే అమ్మ టికెట్లు చూపించింది. ఆమె వాటిని చూసి, మూడు వీధుల అవతల స్టాపు వైపు చెయ్యి చూపింది. వాళ్లు ఊరికి ఈ చివర తేలారు, రేవు ఆ చివర ఉంది. ఏడో నంబరు ట్రామ్ ఊరంతా చుట్టి వెళ్తుంది.

ట్రాములో వసపిట్ట వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. బాగున్నారా. మనవాళ్లు. లేదు. రండి. అయిదు. నిమిషాలు. పొద్దున్నుంచి బాబాయి మాట్లాడినవి ఆరంటే ఆరు మాటలు. మిగతా మాటలన్నీ తనవే. అతను అడగనవి కూడా తనే చెప్పింది.

"వరస కలిపితే చుట్టమైపోతాడనుకున్నావా?" అంది అమ్మ. "నేను మాత్రం తక్కువా, గ్లాసెడు రసానికి లొంగిపోయాను" అని గొణుక్కుంది. తర్వాత ఇద్దరూ కిటికీలోంచి ప్రతి గడియారాన్నీ చూస్తూ కూర్చున్నారు.

మూడో గేటు దగ్గరికి చేరేసరికి రెండూ పావు.

పిన్ని గడియారం కిందే ఉంది. చిక్కిపోయింది. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుంది. పక్కన అరుగు మీద మూడు రొట్టె పొట్లాలున్నాయి. ఒక్కటీ విప్పలేదు. పదకొండు నుంచి అలాగే నిలబడి ఉంది.

అక్కాచెల్లెళ్లు ఏడవలేదు. ఆ చొక్కా నీకు వదులైందని అమ్మ అంది. నీ చెప్పు తెగేట్టుందని పిన్ని అంది. ఉన్న ముప్పావుగంటలో అయిదు నిమిషాలు చెప్పులకీ చొక్కాలకీ పోయాయి. కొద్దిసేపట్లో విడిపోవాల్సినవాళ్లు ఇలాంటివే మాట్లాడుకుంటారు.

వసపిట్ట రిబ్బన్లు అందించి, వెనక్కి తిరిగి కూర్చుంది. మొహం కనిపించకపోతే చెప్పడం తేలిక. బాబాయి దగ్గర్నుంచి పన్నెండో దుప్పటి దాకా అంతా చెప్పింది. తిట్లు పడతాయనుకుంది. పిన్ని దువ్వెన ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది.

"మా దగ్గరికి రోజూ నాలుగు వందల మూటలొస్తాయి" అంది పిన్ని. "ప్రతి మూటకీ చీటీ ఉంటుంది, దాని జోడీ ముక్క బట్టలిచ్చినవాళ్ల దగ్గర ఉంటుంది. కొత్తలో ఒకాయన వచ్చాడు. నన్ను సిస్టర్ అన్నాడు, మా ఊరు అడిగాడు, మా అమ్మ ఆరోగ్యం అడిగాడు. అంత మంచివాణ్ని చీటీ అడిగితే ఏమనుకుంటాడోనని కోటు ఇచ్చేశాను. ఆ కోటు ఆయనది కాదు."

"ఇప్పుడెవరైనా సిస్టర్ అంటే మాట్లాడవా?"

"ఎందుకు మాట్లాడను? నేనూ బ్రదర్ అంటాను. నవ్వుతాను. చీటీ ఏదీ అని అడుగుతాను. రెండూ చేయొచ్చు కదే."

"వాళ్లకి కోపం రాదా?"

"తనది తను తీసుకునేవాడికి చీటీ చూపించడానికి కోపమెందుకు?"

కుడి జడ పూర్తయింది. పిన్ని రిబ్బను బిగించి పువ్వు ముడి వేసింది. ఎడమ జడ మొదలుపెట్టింది. సగానికి వచ్చేసరికి ఓడ కూత వేసింది.

పిన్ని చేతులు ఆగిపోయాయి. రెండో రిబ్బను వసపిట్ట అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. మిగతాది ఈసారి వేస్తానంది. ఈసారి ఎప్పుడని వసపిట్ట అడగలేదు. రొట్టె పొట్లాలు రెండు వాళ్ల సంచీలో పెట్టి, ఒకటి తను తీసుకుని, పిన్ని గేటు లోపలికి వెళ్లింది. మెడలో కార్డు చూపించి వెళ్లింది. గేటు మనిషి పొద్దున్నుంచి ఆమెను చూస్తున్నాడు కాబోలు, నవ్వాడు. నవ్వుతూనే కార్డు చూశాడు.

ఓడ తెల్లగోడ మీద పిన్ని ఏ కిటికీలో ఉందో తెలియక, ఇద్దరూ అన్ని కిటికీలకీ చేతులూపారు.

తిరుగు ట్రామ్ కోసం రేవు బయట టికెట్లు కొనుక్కుని నిలబడ్డారు. గొడుగు పట్టుకున్న ఒక పెద్దాయన వీళ్ల మాటలు విని ఆగాడు.

"తెలుగువాళ్లా అమ్మా? ఇక్కడ నిలబడ్డారేం? ఊళ్లోకి వెళ్లే ట్రామ్ అవతలి పక్క ఆగుతుంది."

అమ్మ బిగుసుకుపోయింది. వసపిట్ట నోరు ఎప్పటిలాగే తెరుచుకుంది. తెరుచుకున్నాక ఒక్క క్షణం ఆగింది.

"నమస్కారం తాతగారూ. ఒక్క నిమిషం ఉండండి, ఇప్పుడే వస్తాను."

టికెట్ల కిటికీ దగ్గరికి వెళ్లింది. తన టికెట్టు అద్దానికి ఆనించి, ఈ పక్కా ఆ పక్కా అని వేలితో అడిగింది. లోపలి మనిషి టికెట్టు చూసి, అవతలి పక్క చూపించాడు.

వసపిట్ట వెనక్కి వచ్చింది. "మీరు చెప్పింది నిజమే తాతగారూ. మళ్లీ అడిగానని ఏమీ అనుకోకండి."

"అనుకోవడానికేముంది? నేనైనా అడుగుతాను" అన్నాడాయన, గొడుగు మడుస్తూ.

ముగ్గురూ రోడ్డు దాటి ఒకే ట్రామెక్కారు. మూడు రోజుల మాటలు బాకీ ఉన్నాయి కదా, వసపిట్ట ఏడు స్టాపుల దాకా ఆపలేదు. బడిలో గంట తాడు తెగిన సంగతి, నాన్న గురక సంగతి, చెప్పులతో మాట్లాడే సంగతి చెప్పింది. పెద్దాయన నవ్వీ నవ్వీ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. మీరెక్కడ దిగుతారమ్మా అని ఆయన అడిగినప్పుడు మాత్రం, "అది అమ్మకి తెలుసు తాతగారూ" అంది.

అమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి, విడిపోతున్న ఎడమ జడ అల్లబోయింది. వసపిట్ట తల పక్కకి జరిపింది. పిన్ని ఎక్కడ ఆపిందో అక్కడ రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని కూర్చుంది.