భయం తొంభై ఏడు

2081 నాటికి విశాఖపట్నంలో జంతువు ఫోటో కింద దాని మనసు రాసి లేకపోతే దాన్ని ఎవరూ ఫోటోగా లెక్కపెట్టడం లేదు.

ఆ మంగళవారం పొద్దున్న పెదవాల్తేరులోని ఒక టిఫిన్ హోటల్లో బల్ల కిందికి బూడిదరంగు పిల్లి ఒకటి వచ్చి కూర్చుంది. కాలేజీ అమ్మాయి ఒకతె తన ‘నేస్తం’ ఫోన్ తీసి దానికేసి పట్టింది. తెర మీద పిల్లి బొమ్మ, దాని కింద ఒక వరుస: ‘ఆకలి 64, బెరుకు 20.’ ఆ అమ్మాయి ఇడ్లీ తుంచి కింద పెట్టింది. పక్క బల్ల మీది పెద్దాయన తన సాంబారు గిన్నె పక్కకి జరిపి, “బాబూ, కొంచెం పాలు పట్రా, పిల్లికి” అని సర్వరుకి చెప్పాడు. రెండు నిమిషాల తర్వాత అదే ఫోన్‌లో ‘తృప్తి 71’ అని వచ్చింది. అమ్మాయి రెండు బొమ్మలూ జత చేసి అందరికీ పంపింది.

మూల బల్ల దగ్గర కాఫీ తాగుతున్న డాక్టర్ వకుళ అదంతా చూసి లోలోపల మురిసిపోయింది. నేస్తం ఫోన్‌లోని మనసు చదివే కటకం ఆమె కనిపెట్టిందే.

దాని పేరు మనోదర్శిని. కంటికి కనిపించని పరారుణ కిరణాన్ని అది జంతువు ముఖం మీదికి పంపుతుంది. కంటి అంచున ఉండే సన్నని రక్తనాళాల అదురు, కనుపాప వెడల్పు, ఊపిరి వేగం, చర్మపు వేడి, ఈ నాలుగింటినీ అరసెకనులో కొలుస్తుంది. పదకొండేళ్ళ పాటు మూడు లక్షల జంతువుల రక్తపరీక్షలతో సరిచూసి తయారుచేసిన పట్టికతో పోల్చి, ఆ క్షణంలో ఆ జీవికి ఏమనిపిస్తోందో మాటలోనూ, నూటికి ఇంత అని అంకెలోనూ రాస్తుంది. ఆ అంకెను ఎవరూ చెరపలేరు. ఫోటో ఎన్ని చేతులు మారినా అది దాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. జంతువుల మనసు గురించి మనుషులు ఇక అబద్ధం చెప్పే వీలుండకూడదని వకుళ పట్టుబట్టి పెట్టించిన ఏర్పాటది.

ఫలితం కళ్ళముందే కనిపించింది. బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే గుర్రాల ఫోటోల కింద ‘నొప్పి 80’ అని పడేసరికి ఎక్కేవాళ్ళే లేకపోయారు. చిలక జోస్యం ఆగిపోయింది. జంతుప్రదర్శనశాలలో బోనులు పెద్దవయ్యాయి.

అభ్యంతరాలు లేవని కాదు. నేస్తం ఫోన్ మీద కంపెనీ నైతిక సమీక్షా విభాగానికి రెండు వందల పైచిలుకు ఫిర్యాదులు వచ్చాయి. లోహాల కోసం కొండలు తవ్వుతున్నారని కొందరు, కెమెరా ఇళ్ళలోకి తొంగిచూస్తోందని కొందరు రాశారు. వకుళ ప్రతిదానికీ తానే కూర్చుని జవాబు రాసింది. ఒక్కదానికి మాత్రం రాయలేదు, ఎందుకంటే అది ఆమెదాకా రాలేదు. తగరపువలస నుంచి కాగితం మీద చేత్తో రాసి మూడుసార్లు వచ్చిన ఉత్తరమది. ‘మీ ఫోను జంతువులను భయపెట్టిస్తోంది’ అని అందులో ఉంది. కిరణం గురించి అనుకుని, దానివల్ల హాని లేదన్న పరీక్షాపత్రం జతచేసి సిబ్బంది ఫైలు మూసేశారు.

దాంతో ఉత్తరం రాసిన మనిషే బయలుదేరి వచ్చాడు. వకుళ ఆఫీసుకి చేరేసరికి వరండాలో కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. డెబ్భై ఏళ్ళుంటాయి. పేరు పాలవలస అప్పలనర్సు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరై, దిక్కులేని జంతువులకి ఒక ఆశ్రయం నడుపుతున్నాడు.

“కిరణం మంచిదే కావొచ్చమ్మా. నాను దాన్ననలేదు” అన్నాడు లోపలికి వచ్చి కూర్చోగానే. “మీ ఫోనొచ్చినకాడ్నించి నా కాడికొచ్చే జీవాలు మూడింతలైనాయి. దెబ్బల్తో కాదు. ఒంటిమీద గీతుండదు. బెదిరిపోయొస్తన్నాయి.”

“ఎవరు తీసుకొస్తున్నారు?”

“కాపాడినోళ్ళే.”

వకుళకి అర్థం కాలేదు. అతను సంచిలోంచి కాగితాల మీద అచ్చు వేయించిన ఫోటోలు తీసి బల్ల మీద పరిచాడు. అన్నీ జంటలే. మొదటిదాంట్లో భీమిలి దగ్గర సముద్రంలో ఒక రాతి మీద కుక్క, చుట్టూ పోటెత్తిన నీళ్ళు, కింద ‘భయం 91.’ రెండోదాంట్లో ఎవరో ఆవిడ ఒళ్ళో అదే కుక్క తువ్వాలు చుట్టుకుని, ‘నెమ్మది 68.’ ఇలాంటి జతల్ని ఆన్‌లైన్‌లో ‘జంట చిత్రం’ అంటారని వకుళకి తెలుసు. అన్నిటికన్నా ఎక్కువగా పంచుకునేది వాటినే. ఆమె కూడా ఎన్నో చూసి కళ్ళు తుడుచుకుంది.

“ఈ ఐదు జతలూ చూడండమ్మా. మనుషులు వేరు. కుక్క?”

వకుళ వంగి చూసింది. ఐదింటిలోనూ కుక్క నుదుటి మీద తెల్లటి మచ్చ ఉంది. ఎడమ చెవి కొస చీలి ఉంది. రాయి కూడా అదే రాయి.

“దాని పేరు చుక్క. మొదటిపాలి నిజంగానే పోటులో ఇరుక్కున్నాది” అన్నాడు అప్పలనర్సు. “ఆ బొమ్మ దేశమంతా తిరిగినాది. నెల తిరక్కుండా ఒకాయన పెంచుకుంటానని ఒచ్చి తీసికెల్లినాడు. వారానికి అదే రాయిమీద తేలినాది. మళ్ళీ ఇంకోరు. పెంచుకుంటామని సంతకాలెట్టి తీసికెల్తారు, పోటు టైం చూసి రాయిమీదొగ్గేస్తారు, బొమ్మ తీస్తారు, ఆల్లే ఈది తెచ్చి నాకప్పగిస్తారు. నాలుగుపాలీలు నాను సేతులారా ఇచ్చీసినానమ్మా.”

అతను చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ ఉండిపోయాడు. వకుళ ఐదు జతలనీ దగ్గరికి లాక్కుని మళ్ళీ ఒక్కొక్కటే చూసింది.

ఆ మధ్యాహ్నమే అతనితో తగరపువలస వెళ్ళింది. రేకుల షెడ్డులో చుక్క తోక ఊపుతూ ఎదురొచ్చి ఆమె చెప్పులు వాసన చూసింది. చెయ్యి నాకింది. వకుళకి కొంచెం ప్రాణం లేచొచ్చింది. అలవాటు చొప్పున సంచిలోంచి ఫోన్ తీసి పైకెత్తింది.

చుక్క నేలకి అతుక్కుపోయింది. తోక కాళ్ళ మధ్యకి పోయింది. తెర మీద ‘భయం 97’ అని పడింది. పదకొండేళ్ళ పరిశోధనలో వకుళ అంత పెద్ద అంకె ఎప్పుడూ చూడలేదు.

“నీళ్ళని సూస్తే అంత భయపడదు” అన్నాడు వెనకనించి అప్పలనర్సు. “దాన్నేనమ్మా, మీ సేతిలోదాన్ని.”

మర్నాడు వకుళ పరిశోధనశాలకి రాగానే తలుపు మూసి, లెక్కల విభాగం చూసే ఫిరోజ్‌తో జరిగిందంతా చెప్పింది.

“రాక్షసులు వీళ్ళు, ఫిరోజ్. కుక్క వణుకుతుంటే చూసి ఆనందిస్తున్నారు. నాకది రుజువుతో కావాలి. మన దగ్గర స్వచ్ఛంద బృందం ఉంది కదా?”

మనోదర్శిని మనిషి ముఖాన్నీ చదవగలదు. చట్టం ఒప్పుకోదు గనక ఫోన్ ముందువైపు కటకాన్ని మూసి ఉంచారు. కాని పరీక్ష కోసం నలభైవేలమంది ఇష్టపూర్వకంగా తమ ముఖాలు చదవనిచ్చారు. ఫిరోజ్ ఆ సమాచారాన్ని విశ్లేషించే యంత్రాన్ని తెరిచాడు. దాన్ని వాళ్ళు ‘గణకి’ అని పిలుచుకుంటారు.

“గణకీ, భయం తొంభై దాటిన ఫోటోలు చూసేటప్పుడు మనుషులకి కలిగే భావం చెప్పు” అంది వకుళ.

“జాలి. సగటున 89” అంది గణకి.

“ఆనందం?”

“ఆ క్షణంలో 6.”

వకుళ ఫిరోజ్ వైపు చూసింది. “సరే, చూసేవాళ్ళు వదిలెయ్. తీసేవాళ్ళు? జంతువుని కావాలని ఆ స్థితిలో పెట్టి ఫోటో తీసినవాళ్ళు ఈ బృందంలో ఉన్నారా?”

“ఒకే జంతువు, ఒకే చోటు, మళ్ళీ మళ్ళీ వచ్చిన సందర్భాల్ని బట్టి మూడు వందల పన్నెండు మంది” అంది గణకి. “తీసే క్షణంలో వారికి జాలి 92.”

“నటిస్తున్నారేమో.”

“రక్తనాళాలు నటించలేవు. పట్టిక తయారుచేసినప్పుడు మీరే రుజువు చేశారు.”

తర్వాత ఫిరోజ్ అడిగాడు. “జంతువుని రక్షించాక?”

“సంతృప్తి 95. అది సుమారు నలభై నిమిషాలు నిలుస్తుంది. తగ్గాక మళ్ళీ అలాంటి ఫోటో కోసం వెతుకుతారు. దొరక్కపోతే కొందరు తయారుచేసుకుంటారు.”

వకుళ కుర్చీలో వెనక్కి వాలింది. క్రూరత్వమైతే ఆమె దాంతో పోట్లాడగలదు. కేసులు పెట్టగలదు, ముఖాలు బయటపెట్టగలదు. వీళ్ళు జాలిపడుతున్నారు. ఆ కుక్కని రాతి మీద వదిలి ఒడ్డుకొచ్చి, నీళ్ళు పెరుగుతుంటే నిజంగా గుండె కరిగి ఏడుస్తున్నారు.

“కటకం తీసేద్దామా?” అంది చివరికి.

“తీసేస్తే బీచ్ గుర్రాలు రేపే తిరిగొస్తాయి మేడమ్” అన్నాడు ఫిరోజ్. “అయినా ఇలా చేసేవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. చూసేది కోట్లమంది. ఆ కోట్లమందికి ఈ సంగతి తెలీదు. చెప్పండి. చుక్క కథ ఉన్నదున్నట్టు రాయండి. అంత జాలి ఉన్నవాళ్ళు తెలిశాక ఆపకుండా ఉంటారా?”

ఆమెకి అది సబబనిపించింది. సాయంత్రానికల్లా రాసింది. ఒకే కుక్క ఐదుసార్లు రాతి మీదికి ఎలా వెళ్ళిందో రాసింది. దానికి సముద్రం కన్నా ఫోన్ అంటేనే ఎక్కువ భయమని రాసింది. దయచేసి జంట చిత్రాలు చూడకండి, పంచకండి అని ముగించి, తగరపువలస షెడ్డులో తాను తీసిన ఫోటోని జత చేసింది. ‘భయం 97.’

మూడో రోజు ఫిరోజ్ ఆమె గదిలోకి వచ్చి నిలబడ్డాడు.

“తొమ్మిది కోట్లమంది పంచుకున్నారు. మన ఫోన్ పుట్టాక ఇదే ఎక్కువ. చూసిన మన బృందం వాళ్ళలో జాలి 98.”

ఆమె ఏదో అనబోయేలోగా బల్ల మీది ఫోన్ మోగింది. అప్పలనర్సు.

“అమ్మా, మీరు బేగొచ్చీయండి” అన్నాడు. వెనక పెద్ద కలకలం వినిపిస్తోంది. “గేటు ఇరిగిపోనాది. లోనికొచ్చీసినారు.”

ఆమె చేరేసరికి తగరపువలస రోడ్డు పొడుగునా కార్లు ఆగి ఉన్నాయి. షెడ్డు చుట్టూ నాలుగైదు వందల మంది ఉన్నారు. ఎవరూ అరవడం లేదు, తోసుకోవడం లేదు. కొందరు దుప్పట్లు తెచ్చారు, కొందరు బిస్కట్లు తెచ్చారు. చాలామంది కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ప్రతి చేతిలోనూ నేస్తం ఉంది. ప్రతి నేస్తమూ పైకెత్తి ఉంది.

షెడ్డు మూల ఇనుప మంచం కింద చుక్క ముడుచుకుని ఉంది. మంచానికి అడ్డంగా అప్పలనర్సు చేతులు చాచి నిలబడ్డాడు. “ఒద్దమ్మా, ఒద్దు బాబూ, మీకు దండమెడతాను” అంటూనే ఉన్నాడు. వాళ్ళు తలలూపుతున్నారు. అతని కాళ్ళ సందుల్లోంచి ఫోటోలు తీస్తున్నారు. తెరల మీద 97, 98, మళ్ళీ 98.

“ఫోన్లు దించండి” అంది వకుళ. “దానికి భయం దేన్ని చూస్తేనో నేను రాశాను. మీరు చదివే కదా వచ్చారు?”

“చదివామండీ, ఏడుపాగలేదు” అన్నాడొకాయన. “అందుకే వచ్చాం.” అతని ఫోన్ మాత్రం దిగలేదు.

ప్రధాన రూపకర్తగా వకుళకి ఒక అధికారం ఉంది. కటకం వల్ల ప్రాణాపాయం ఉందనుకుంటే మూడు రోజుల పాటు దేశంలోని మనోదర్శినులన్నిటినీ ఒక్కసారిగా ఆపెయ్యవచ్చు. ఇంతవరకూ ఆమె దాన్ని వాడలేదు. గోడ వైపు తిరిగి ఫిరోజ్‌కి ఫోన్ చేసింది. “ఆపెయ్” అంది. అతను గుర్రాల సంగతి ఎత్తలేదు.

ఒక నిమిషం గడిచింది. షెడ్డులో తెరలన్నిటి మీదా అంకెలు ఒక్కటొక్కటిగా ఆరిపోయాయి. మాటలు కూడా పోయాయి. బొమ్మ మాత్రం మిగిలింది. జనం ఫోన్లు దించి, తుడిచి, మళ్ళీ ఎత్తి చూసి, ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వెనక వరుసల్లో కొందరు వెళ్ళిపోసాగారు.

ముందు వరుసలో ఒక నలభై ఏళ్ళావిడ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. తెచ్చిన దుప్పటి ఒళ్ళో మడత పెట్టుకుంది. చుక్కకీ ఆమెకీ మధ్య రెండు బారల దూరం కూడా లేదు. మంచం కింద చుక్క ఎంతగా వణుకుతోందంటే, దాని ఒంటికి తగులుతున్న నీళ్ళ సత్తుగిన్నె గచ్చు మీద గణగణ మోగుతోంది.

ఆవిడ కన్నీళ్ళు తుడుచుకుని, ఖాళీ తెర మీద వేలితో రెండుసార్లు కొట్టి చూసి, వకుళ వైపు తలెత్తింది.

“మేడమ్, అంకె పోయింది” అంది దిగులుగా. “మరి ఇప్పుడది భయపడుతోందో లేదో మాకెలా తెలుస్తుందండీ?”