పైవాడు కదిలితేనే

కెనడాలోని సార్నియాలో సరస్సు ఒడ్డున ఒక పాత రాతి ఇల్లుంది. ఒకప్పుడు బ్రిటిష్ నౌకాదళ అధికారులు విందులు చేసుకున్న ఇల్లు. ఇప్పుడు చిన్న మ్యూజియం. కాలేజీ ముగించిన షాలేమ్ రాజు అక్కడ పార్ట్‌టైమ్ చేస్తున్నాడు. ఫుల్‌టైమ్ ఉద్యోగం ఒక్కటే, అది తనకన్నా ముందొచ్చిన తెలుగువాడు క్రిస్టఫర్‌ది. అది దొరికితే ఇక్కడే ఉండిపోయేందుకు కావలసిన పీఆర్‌కి పాయింట్లు సరిపోతాయని షాలేమ్ నోటిలెక్కతోనే తేల్చేశాడు. దొరక్కపోతే, వర్క్ పర్మిట్ అయిపోగానే పెట్టె సర్దుకుని కాకినాడ పోవడమే.

క్రిస్టఫర్‌కి పీఆర్ ఎప్పుడో వచ్చింది. ఎడ్మంటన్ వెళ్లిపోతానని వేసవి నుంచీ అంటున్నాడు. మంచు పడింది. మనిషి మాత్రం కదల్లేదు.

"ప్రయాణం ఎప్పుడన్నా?"

"తొందరేం, మిడ్‌షిప్‌మన్ గారూ?" అన్నాడు క్రిస్టఫర్. ఆఫీసర్ల మెట్లలో అడుగు మెట్టు అది. షాలేమ్‌ని ఏడిపించడానికి పెట్టిన పేరు. "ఆ నేవీలో కెప్టెన్ అయ్యాక తెలివితేటలతో పనిలేదురా. పైవాడు పోవాలి, కిందివాడు జరగాలి. అందుకే గురువారం విందులో కుర్రాఫీసర్లు గ్లాసెత్తి, యుద్ధమన్నా రావాలి, రోగాల కాలమన్నా రావాలి అనేవాళ్లు. వాళ్లు నయం, పైకే అనేవాళ్లు. నువ్వు లోపల అనుకుంటున్నావు."

నవ్వుకుంటూ మ్యూజియం పెట్టెలు సర్దడానికి మేడమీద తన గదికి పోయాడు.

ఆ రోజూ గురువారమే. మర్నాడు స్కూలు పిల్లలు వస్తారని షాలేమ్ పొడుగు బల్ల మీద పళ్లాలు, గ్లాసులు పెడుతున్నాడు. కుర్చీలన్నీ హోదా ప్రకారం. ఆ తల దగ్గర అడ్మిరల్, తర్వాత కెప్టెన్లు, కమాండర్లు, లెఫ్టినెంట్లు, ఈ చివర తలుపు గాలి తగిలేచోట మిడ్‌షిప్‌మన్.

టీ వేళకే చీకటి పడింది. హీటర్ సన్నగా గొణుగుతోంది. బయట సరస్సులో మంచుపలకలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. పైన క్రిస్టఫర్ తీరిగ్గా ఈల వేస్తున్నాడు.

ఆ ఈల వింటుంటే షాలేమ్‌కి ఒళ్లు మండింది. చివరి కుర్చీలో కూలబడి, గ్లాసులో మంచినీళ్లు పోసుకుని పైకెత్తాడు.

"రోగాల కాలమన్నా రావాలి."

ఎదురుగా ఉన్న గ్లాసు, ఎవరో తాకించినట్టు, సన్నగా మోగింది.

తారు వాసన... తడిసిన ఉన్ని వాసన... హీటర్ తిరుగుతూనే ఉంది. వేళ్లు మాత్రం కొయ్యబారాయి. చెవి పక్కన ఎవరో ఇంగ్లీషులో, ఎంతో మర్యాదగా, గుసగుసలాడారు.

"నీ పైవాడెవరు?"

ఇంటర్వ్యూలకి అలవాటుపడ్డ నోరు. అడగ్గానే జవాబు చెప్పేసింది.

"క్రిస్టఫర్."

ఎదుటి ఖాళీ కుర్చీ వెనక్కి జరిగింది. తడి బూట్ల అడుగులు... మెట్ల వైపు... పైకి... ఇంకా పైకి...

ఈల ఆగింది.

షాలేమ్ పరిగెత్తాడు. క్రిస్టఫర్ నేలమీద పడి ఉన్నాడు. బట్టలు పొడిగానే ఉన్నాయి. నోట్లోంచి మాత్రం నీళ్లు... పాచి కంపు కొట్టే నీళ్లు...

"అన్నా... ఊరికే అన్నానన్నా..."

క్రిస్టఫర్ కళ్లు తెరిచే ఉన్నాయి. షాలేమ్‌ని చూడటం లేదు. అతని భుజం మీదుగా చూస్తున్నాయి.

ఊపిరితిత్తుల నిండా సరస్సు నీరేనన్నారు ఆసుపత్రిలో. ఆ మేడమీద కుళాయి కూడా లేదు. ఆదివారం ప్రార్థన వేళకి క్రిస్టఫర్ పోయాడు.

సోమవారం షాలేమ్‌ని క్రిస్టఫర్ గదిలోనే కూర్చోమన్నారు. కింది ఆఫీసు నుంచి డైరెక్టర్ మార్గరెట్ ఫోన్ చేసింది. "ఫుల్‌టైమ్ లెటర్ మీద సంతకం పెట్టేశాను."

ఇన్నాళ్లూ కలలుగన్న మాట.

"నాకొద్దు, మేడమ్."

"పిచ్చిగా మాట్లాడకు. నీ పాత పనికి మనిషి కూడా వచ్చేశాడు. నువ్వే రమ్మన్నావటగా?"

"నేనెవర్నీ రమ్మనలేదు."

"ఎంత మర్యాదస్తుడో. ఇక అతనికి నువ్వే పైవాడివి. ఇప్పుడే పైకి పంపాను."

ఫోన్ పెట్టేసింది. షాలేమ్ తలుపు వంకే చూస్తూ కూర్చున్నాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు లేదు.

కాసేపటికి ఎవరో మెల్లగా తట్టారు.

తలుపు కాదు. వెనక, సరస్సు వైపు కిటికీ.