కడుపులో సిలారు

తెల్లవారగానే లాల్‌బీ పొయ్యి రాజేసి రాగిసంకటి కెలికింది. మొదటి ముద్ద కోడలికే పెట్టింది.

"తిను. నీకు కాదు, నా సిలారుకి," అంది నూర్‌బీ కడుపు మీద చెయ్యి వేసి.

సిలారు ఆమె ఒక్కగానొక్క కొడుకు. దూది ఏకి పరుపులు కుడుతూ విడవలూరు చుట్టుపక్కలంతా తిరిగేవాడు. 1964 వేసవిలో కలరా తగిలి పోయాడు. అతను పోయాకే నూర్‌బీకి నెల తప్పిందని తెలిసింది. అంతా దేవుడి దయ అన్నారు. నూర్‌బీ గుండె మాత్రం ఝల్లుమంది. తొలి కాన్పప్పుడే నెల్లూరు డాక్టరమ్మ ఎలిశబెతు చెప్పింది, గుండె చెడింది, మళ్ళీ గర్భం వస్తే బతకవని.

ఇప్పుడు నూర్‌బీ పడుకోలేకపోతోంది. వాలితే ఊపిరాడదు. దూది బస్తాకు ఆనుకుని కూర్చునే కునుకు తీస్తుంది. భర్త పోయిన మనిషి ఇద్దత్ గడువు ముగిసేదాకా గడప దాటకూడదు, కడుపుతో ఉంటే కాన్పు దాకా అదే నియమం. లాల్‌బీ ఆ నియమాన్నే పట్టుకుని కూర్చుంది. తను బయటికి వెళ్తే తలుపుకు గొళ్ళెం పెట్టి మరీ వెళ్ళేది.

చెల్లెలి అవస్థ చూడలేక అన్న దరియావలి డాక్టరమ్మనే ఇంటికి తీసుకొచ్చాడు. ఆమె నాడి చూసి, గొట్టం పెట్టి గుండె విని, నెమ్మదిగా లేచింది.

"ఇట్లే వదిలేస్తే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు. ఆస్పత్రిలో గర్భం తీసెయ్యాల పెద్దమ్మా."

"కడుపు తీస్తే జైలంట! చేసినోళ్ళకీ, చేయించుకున్నోళ్ళకీ!" కస్సుమంది లాల్‌బీ.

"నిజమే. కానీ తల్లి ప్రాణం కాపాడేదానికైతే ఆ చట్టమే ఒప్పుకుంటుంది. ఇందులో దొంగచాటు ఏం లేదు, పట్టపగలే చేస్తాను."

"ప్రాణం మీదికొస్తే ఇద్దత్‌లో ఉన్నా బయటికి పోవచ్చని మసీదులో హజరత్ కూడా చెప్పినాడత్తా," అన్నాడు దరియావలి.

"ఎవురేం చెప్పినా సరే, నేనుండంగా నా కొడుకు రక్తం ఈ గడప దాటదు!"

"నాకు మాత్రం ఆయన బిడ్డ వద్దా అత్తా?" అంది నూర్‌బీ. ఆ ఒక్క మాటకే ఆయాసం కమ్ముకొచ్చింది.

మధ్యాహ్నం దాకా మిషను బంగళాలో ఉంటానని, తన కారులోనే తీసుకుపోతానని చెప్పి డాక్టరమ్మ వెళ్ళిపోయింది. లాల్‌బీ విసవిసా పెరట్లోకి పోయి, కాసేపటికి తిరిగొచ్చి, తలుపు దగ్గరే ఆగింది.

లోపల నూర్‌బీ నాలుగేళ్ళ కూతురికి పావడా బొందు ముడి నేర్పుతోంది.

"జారుముడి ఎయ్యి తల్లీ. అవ్వకి దగ్గరి చూపానదు. రేపట్నించి నువ్వే కట్టుకోవాల."

"నువ్వు కట్టవా?"

"కట్టలేను."

మాట మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటోంది. ఆ పెదాలు నీలంగా ఉన్నాయని లాల్‌బీ అప్పుడే చూసింది. ఇన్నాళ్ళూ కడుపునే చూసింది తప్ప, ఆ మొహంకేసి తేరిపార చూసిందే లేదు. దుఃఖం ముంచుకొచ్చింది. రెండు తలుపులూ బార్లా తెరిచింది.

"దరియా! కారు తీసుకురమ్మను. జైలే అయితే నేను పోతా!"

గడప దగ్గర నూర్‌బీ తడబడి ఆగింది. "అత్తా, ఆయన్ని మళ్ళా చంపినట్టయితాదేమో..."

లాల్‌బీ ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసింది. కొడుకు పోయాక ఎన్నడూ అనని మాట, ఏడుస్తూ, మొదటిసారి అంది.

"నా కొడుకు చచ్చిపోయినాడమ్మా. నువ్వు బతికుండావు. పద."